మూర్ఛకు మూలం ఎక్కడ? మెదడు ఎమ్.ఆర్.ఐ. చెప్పేవి, చెప్పలేనివి

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



రక్తపోటు, చక్కెర వ్యాధి, మోకాళ్ల నొప్పులు, కంటి శుక్లాలు – వీటిని గురించి మీ సంఘం సమావేశాల్లో పలువురు వైద్యులు ఇదివరకే మాట్లాడారని కార్యదర్శిగారు చెప్పారు. ఈసారి మూర్ఛ వ్యాధిని గురించి, దాని కారణాన్ని కనిపెట్టడంలో మెదడు ఎమ్.ఆర్.ఐ. ఎంతవరకు ఉపయోగపడుతుందో చెప్పమని కోరారు. నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేడియాలజీ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీలాగే నేనూ ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునేవాణ్ణే. కాబట్టి పరాయివాడు ఉపన్యాసం ఇస్తున్నట్లు కాక, తోటి పెన్షనరు మాట్లాడుతున్నట్లు వినవలసిందిగా మనవి.

ఫిట్స్ అనగానే అది పిల్లల జబ్బనో, పడుచువాళ్ల జబ్బనో అనుకోవడం పరిపాటి. వాస్తవానికి జీవితంలో మొట్టమొదటిసారి ఫిట్స్ రావడం రెండు దశల్లో ఎక్కువ. ఒకటి పసితనం, రెండవది అరవై దాటిన వయస్సు. ప్రపంచం మొత్తం మీద సుమారు 5 కోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కావున ఇది మన మనవల సంగతే కాదు, మన సంగతి కూడా.

ఫిట్ అంటే ఏమిటి?

మీలో చాలామంది విద్యుత్ శాఖలో పనిచేసినవారు గనుక ఇది మీకు చెప్పడం తేలిక. మెదడులోని కోట్లాది కణాలు ఒకదానితో ఒకటి అతి స్వల్పమైన విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. ఏదో ఒకచోట ఆ కణాలన్నీ అదుపు తప్పి ఒక్కసారిగా విద్యుత్తును వెదజల్లితే అదే ఫిట్. ఈ సంగతిని 1870 ప్రాంతాల్లో లండనుకు చెందిన జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ అనే వైద్యుడు స్పష్టంగా చెప్పాడు. కొందరికి మొదట బొటనవేలు అదిరి, ఆ అదురు చేతికి, భుజానికి, ముఖానికి పాకడం ఆయన గమనించాడు. ఎక్కడ మొదలయింది, ఎటు పాకింది అన్నదాన్ని బట్టి మెదడులో లోపం ఎక్కడున్నదో ఊహించవచ్చునన్నాడు. కుడిచెయ్యి అదిరితే లోపం మెదడు ఎడమ భాగంలో ఉంటుంది.

మూర్ఛ పరీక్షల్లో మొదటి పరీక్ష ఏ యంత్రమూ చేయదు. పక్కనున్న ఇంటివాళ్లు కళ్లతో చూసిందే ఆ పరీక్ష. ఏ చెయ్యి ముందు అదిరింది, తల ఎటు తిరిగింది, ఎంతసేపు ఉన్నది, తేరుకున్నాక మాట తడబడిందా – ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి తెస్తే వైద్యుడికి సగం పని తగ్గుతుంది. ఈ రోజుల్లో అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి గనుక, ఒకరు రోగిని చూసుకుంటుండగా మరొకరు వీడియో తీస్తే ఇంకా మంచిది.

రెండవ పరీక్ష ఇ.ఇ.జి. హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు 1929లో దీన్ని లోకానికి వెల్లడించాడు. తల మీద తీగలు అతికించి మెదడు విద్యుత్తును గీతలుగా నమోదు చేస్తారు. మూడవది ఎమ్.ఆర్.ఐ. ఈ రెండింటికీ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. ఇ.ఇ.జి. అనేది లైనులో కరెంటు ఎలా పారుతున్నదో చూపే మీటరు వంటిది. ఎమ్.ఆర్.ఐ. ఆ లైను వెంట నడిచి, స్తంభం ఒరిగిందా, ఇన్సులేటరు పగిలిందా, కొమ్మ తగిలిందా అని చూసి వచ్చే లైన్‌మన్ వంటిది. ఒకటి చేయించాం గదా, రెండవది ఎందుకు అనడం సరికాదు. ఫీడరు ట్రిప్పయితే మీరు రెండు పనులూ చేసేవారు గదా!

మెదడును చూడడానికి పడిన పాట్లు

1895లో రాంట్జెన్ ఎక్స్‌రే కనిపెట్టాక చెయ్యి, కాలు, ఛాతీ ఎముకలు కనిపించాయి. తలకు ఎక్స్‌రే తీస్తే మాత్రం పుర్రె కనిపించేది గాని లోపలి మెదడు కనిపించేది కాదు. 1919లో వాల్టర్ డాండీ అనే అమెరికన్ సర్జను వెన్నులోంచి గాలి ఎక్కించి, ఆ గాలి మెదడు గదుల్లో నిండాక ఎక్స్‌రే తీసే పద్ధతి చెప్పాడు. అది చేయించుకున్న రోగులు తలనొప్పితో, వాంతులతో రోజుల తరబడి బాధపడేవారు. అయినా వేరే దారి లేక దశాబ్దాల పాటు అదే నడిచింది. 1971లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సి.టి. స్కానింగుతో లండనులో మొదటి రోగి మెదడును చూశారు. అంతటితో ఆ పాత పద్ధతికి కాలం చెల్లింది.

ఎమ్.ఆర్.ఐ.కి పునాది వేసిన వ్యాసాన్ని పాల్ లాటర్బర్ 1973లో ప్రకటించాడు. బొమ్మను వేగంగా తీసే గణితాన్ని పీటర్ మాన్స్‌ఫీల్డ్ అందించాడు. ఇద్దరికీ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే. నీటిలోని హైడ్రోజను పరమాణువు కేంద్రం చిన్న అయస్కాంతం వలె ప్రవర్తిస్తుంది. మామూలుగా తయారయ్యే ఎమ్.ఆర్.ఐ. యంత్రం శక్తి 1.5 టెస్లా, అనగా భూమి అయస్కాంత శక్తికి సుమారు 30,000 రెట్లు. మనిషిని ఆ సొరంగంలో పడుకోబెడితే ఈ సూక్ష్మ అయస్కాంతాలు ఒక వరుసలోకి వస్తాయి. అప్పుడు రేడియో తరంగాన్ని పంపి వాటిని కదిలిస్తారు. తరంగం ఆపగానే అవి మళ్లీ యథాస్థానానికి వస్తూ తిరిగి సన్నని సంకేతాన్ని ఇస్తాయి. కొవ్వులో ఒకలాగ, నీటిలో మరొకలాగ, దెబ్బతిన్న కణజాలంలో ఇంకొకలాగ ఆ సంకేతం వస్తుంది. కంప్యూటరు దాన్నే బొమ్మగా మారుస్తుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు. లోపల వినపడే డబడబ శబ్దం యంత్రపు తీగచుట్టలు కంపించడం వల్ల వచ్చేది. చెవులకు దూది గాని, హెడ్‌ఫోను గాని పెడతారు. భయపడవలసింది లేదు.

మరి సి.టి. దండగా అంటే కాదు. ఫిట్స్‌తో అత్యవసరంగా ఆసుపత్రికి తెచ్చినప్పుడు మెదడులో తాజా రక్తస్రావం ఉన్నదేమో చూడడానికి సి.టి. నిమిషాల్లో అయిపోతుంది. సున్నపు గడ్డలను చూపడంలో కూడా దానిదే పైచేయి. తర్వాత నిదానంగా కారణం వెతకడానికి ఎమ్.ఆర్.ఐ. కావాలి.

ఎమ్.ఆర్.ఐ. ఏమేమి పట్టిస్తుంది?

మన వయసువారికి మొదటిసారి ఫిట్స్ వస్తే, తెలిసిన కారణాల్లో అన్నింటికన్నా ముందుండేది పక్షవాతం. పెద్ద పక్షవాతమే కానక్కరలేదు. ఎప్పుడో మనకు తెలియకుండానే వచ్చిపోయిన చిన్నది కూడా మెదడు పొరమీద మచ్చ మిగిల్చి, నెలలకో ఏళ్లకో ఫిట్స్‌కు కారణం కావచ్చు. ఆ మచ్చను ఎమ్.ఆర్.ఐ. చూపుతుంది. అంతేగాక, వృద్ధులకు వచ్చే మొదటి ఫిట్ ఒక్కోసారి రాబోయే పక్షవాతానికి హెచ్చరిక. అందుచేత బి.పి., షుగరు, కొలెస్టరాలు, గుండె లయ – ఇవన్నీ అప్పుడే పరీక్షించుకోవాలి.

మెదడు కణితులు, రక్తనాళాల చిక్కుముడులు, పాత తలదెబ్బ మచ్చలు, మెదడు సిరల్లో గడ్డకట్టిన రక్తం – ఇవి కూడా కనిపిస్తాయి. ఆల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బుల్లోనూ ఫిట్స్ రావచ్చు.

మన దేశానికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉన్నది. అది పంది బద్దెపురుగు. దాని గుడ్లు శుభ్రత లేని చేతుల ద్వారా, సరిగా కడగని పచ్చికూరల ద్వారా, కలుషితమైన నీటి ద్వారా కడుపులోకి పోతాయి. వాటిలోంచి వచ్చే పిల్లపురుగులు రక్తంలో కలిసి మెదడుకు చేరి తిత్తులు కడతాయి. శుద్ధ శాకాహారికి కూడా ఇది రావచ్చునని గమనించ ప్రార్థన. 1980లలో మన దేశంలో ఫిట్స్ రోగుల సి.టి. బొమ్మల్లో చిన్న ఉంగరం వంటి మచ్చ తరచు కనిపించేది. దాన్ని క్షయ గడ్డ అనుకుని చాలామందికి నెలల తరబడి టి.బి. మందులు వాడించేవారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు అటువంటి మచ్చలను తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించి, వాటిలో ఎక్కువ భాగం ఈ పురుగు తిత్తులేనని 1989లో ప్రకటించారు. ఈనాడు ఎమ్.ఆర్.ఐ.లో ఒక్కోసారి తిత్తి లోపల పురుగు తల చుక్కలాగా కనిపిస్తుంది. అది కనిపించిందా, ఇక సందేహం లేదు.

యాభై, అరవై దాటినవారిలో అరుదుగా వచ్చే మరొక జబ్బును ప్రత్యేకించి చెబుతాను. ముఖమూ అదే వైపు చెయ్యీ ఒక్క క్షణం చివుక్కుమని బిగిసి వదిలేస్తాయి. రోజుకు పదులసార్లు ఇలా జరుగుతుంది. దానితో పాటు మతిమరుపు, రక్తంలో సోడియం తగ్గడం ఉంటాయి. సొంత శరీరపు రక్షణ శక్తే మెదడు మీద తిరగబడడం దీనికి కారణమని 2010 తరువాత స్పష్టపడింది. ఎమ్.ఆర్.ఐ.లో కణతల వైపు మెదడు భాగం తెల్లగా కనిపించవచ్చు, కనిపించకనూ పోవచ్చు. రక్తపరీక్షతో నిర్ధారించి, స్టెరాయిడ్ల వంటి మందులు త్వరగా మొదలుపెడితే బాగా తగ్గుతుంది. ముసలితనం అని వదిలేస్తే జ్ఞాపకశక్తి పోతుంది.

నేను చూసిన ఒక రిటైర్డు ఉపాధ్యాయుడి సంగతి చెబుతాను. వయసు 68. నెలకు రెండుమూడు సార్లు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేవారు. పెదవులు చప్పరిస్తూ, చొక్కా గుండీని తడుముతూ శూన్యంలోకి చూసేవారు. రెండు నిమిషాల తర్వాత మళ్లీ లోకంలోకి వచ్చినా, పూట గడిచేదాకా మనిషి అయోమయంగా ఉండేవారు. ఇంట్లోవాళ్లు చాదస్తం అన్నారు. తర్వాత మతిమరుపు అన్నారు. బ్యాంకు లావాదేవీలు కూడా ఆయన చేతి నుండి తీసేసుకున్నారు. ఎవరికీ ఇది ఫిట్ అని తోచలేదు, ఎందుకంటే కాళ్లూ చేతులూ కొట్టుకోలేదు, నోట నురుగు రాలేదు. ఎమ్.ఆర్.ఐ.లో ఎడమ కణత భాగంలో పాత పక్షవాతపు చిన్న మచ్చ కనిపించింది. ఒక్క మందు, అదీ తక్కువ మోతాదులో వాడాక ఆ ఆగిపోవడాలు నిలిచాయి. పాసుపుస్తకం మళ్లీ ఆయన చేతికి వచ్చింది. మన వయసులో ఫిట్స్ చాలావరకు ఇలా నిశ్శబ్దంగా వస్తాయి. మీ ఇంట్లో పెద్దవారు ఎవరైనా పదేపదే ఒకే తీరుగా ‘ఎటో వెళ్లిపోయి వస్తుంటే’ వయసు మీద నెట్టకుండా వైద్యుడికి చూపించండి.

ఏ స్కానింగయినా ఒకటేనా?

కాదు. 2002లో జర్మనీలోని బాన్ నగరపు వైద్యులు ఒక పరిశీలన ప్రకటించారు. మందులకు లొంగని మూర్ఛ రోగులకు మామూలు పద్ధతిలో తీసిన ఎమ్.ఆర్.ఐ.లను సాధారణ రేడియాలజిస్టులు చదివితే 39 శాతం మందిలోనే లోపం కనిపించింది. అవే బొమ్మలను మూర్ఛలో అనుభవం ఉన్నవారు చదివితే 50 శాతానికి పెరిగింది. మూర్ఛ కోసం ప్రత్యేకించిన పద్ధతిలో మళ్లీ బొమ్మలు తీసి, అనుభవజ్ఞులు చదివితే 91 శాతం మందిలో లోపం దొరికింది. జబ్బు అదే, మనుషులు వారే. తేడా అంతా తీసిన విధానంలోనూ, చూసిన కంటిలోనూ ఉన్నది.

దీనికి ముఖ్య కారణం ఒక చిన్న అవయవం. కణతల లోపల, ఇరువైపులా, సముద్రపు గుర్రం ఆకారంలో మెలిక తిరిగి ఉండే భాగాన్ని హిపోకాంపస్ అంటారు. కొత్త విషయాలను జ్ఞాపకంలోకి చేర్చేది అదే. పెద్దవాళ్లలో మందులకు లొంగని మూర్ఛకు ఇది ఎండి గట్టిపడడం ఒక పెద్ద కారణం. మెదడును అడ్డంగా, మందపాటి ముక్కలుగా కోసినట్లు తీసిన మామూలు బొమ్మలో ఈ కుదింపు దొరకదు. సొరకాయను అడ్డదిడ్డంగా కోసి లోపలి పుచ్చును వెతికినట్లవుతుంది. హిపోకాంపస్ పొడవుకు సరిగ్గా లంబంగా, సన్నని పొరలుగా తియ్యాలి. అంతర్జాతీయ మూర్ఛ నివారణ సంఘం నిపుణులు 2019లో దీనికి ఒక క్రమం సూచించారు. ఒక మిల్లీమీటరు మందంతో మెదడు మొత్తం త్రిపరిమాణ చిత్రాలు రెండు రకాలు, హిపోకాంపస్‌కు లంబంగా మరొక రకం – ఈ మూడూ ఉండాలన్నారు. 3 టెస్లా యంత్రం ఉంటే మేలు, లేకపోతే 1.5 టెస్లాతోనైనా ఈ క్రమం పాటించవచ్చునన్నారు.

మీరు చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. చీటీ మీద వైద్యుడి చేత ‘మెదడు ఎమ్.ఆర్.ఐ., ఎపిలెప్సీ ప్రొటోకాల్’ అని రాయించుకోండి. ఫిట్ వివరాలు కూడా రెండు ముక్కలు రాయమనండి. ఎక్కడ వెతకాలో తెలిస్తేనే కన్ను అక్కడ నిలుస్తుంది. పాత ఫిల్ములు, సి.డి.లు పారేయకండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, బొమ్మలు కావాలి. రీయింబర్స్‌మెంటు బిల్లులతో ఒరిజినల్ రిపోర్టు పంపవలసి వస్తే ముందుగా నకలు ఉంచుకోండి.

మందులు పనిచేయనప్పుడు

సరైన మందు సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురికి ఫిట్స్ రాకుండా జీవితం గడుస్తుంది. తగిన రెండు మందులను తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మొండి మూర్ఛ అంటారు. అప్పుడు శస్త్రచికిత్స ఆలోచన చేయాలి. ఎమ్.ఆర్.ఐ. అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఎమ్.ఆర్.ఐ. లేని రోజుల్లో ఏమయ్యేదో ఒక ఉదాహరణ. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ కోసం మెదడు ఆపరేషను చేశారు. లోపం ఏ వైపున్నదో తేల్చే సాధనం లేదు. రెండువైపులా హిపోకాంపస్ భాగాలను తీసేశారు. ఫిట్స్ బాగా తగ్గాయి గాని, ఆ రోజు నుండి 2008లో చనిపోయేవరకు ఆయనకు కొత్త విషయం ఏదీ గుర్తుండలేదు. నిమిషం క్రితం పలకరించిన మనిషి మళ్లీ కొత్తవాడే. జ్ఞాపకశక్తి గురించి శాస్త్రం నేర్చుకున్నదానిలో చాలా భాగం ఆయన నష్టం నుండి వచ్చింది.

ఈనాడు ఏ వైపు లోపమో ఎమ్.ఆర్.ఐ., వీడియో ఇ.ఇ.జి. రెండూ ఒకటే మాట చెప్పాక గాని సర్జను కత్తి పట్టడు. 2001లో కెనడా వైద్యులు 80 మంది రోగులను రెండు సమూహాలుగా చేసి పోల్చారు. ఏడాది తర్వాత, స్పృహ తప్పే ఫిట్స్ లేనివారు శస్త్రచికిత్స సమూహంలో 58 శాతం, మందుల సమూహంలో 8 శాతం. మన ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 116 మంది పిల్లల మీద చేసిన పరిశోధనను 2017లో ప్రకటించారు. ఏడాదికి ఫిట్స్ పూర్తిగా ఆగినవారు శస్త్రచికిత్స జరిగినవారిలో 77 శాతం, మందుల మీద ఉన్నవారిలో 7 శాతం. శస్త్రచికిత్సలో ముప్పు లేదని కాదు. కొందరు పిల్లలకు ఒకవైపు బలహీనత వంటివి వచ్చాయని వారే రాశారు. లాభనష్టాలు తూచుకునే దిగాలి. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలో 1995 నుండి మూర్ఛ శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. దక్షిణాది వారికి ఇది దూరమేమీ కాదు.

ఎమ్.ఆర్.ఐ.లో ఏమీ లేదంటే?

‘స్కానింగు నార్మల్ అన్నారు, మరి ఫిట్స్ ఎందుకు?’ అని అడిగేవారు చాలామంది. మూర్ఛ ఉన్న పలువురికి ఎమ్.ఆర్.ఐ. మామూలుగానే ఉంటుంది. వంశపారంపర్యంగా వచ్చే రకాల్లో మెదడు ఆకారం బాగానే ఉండి, పనితీరులోనే తేడా ఉంటుంది. మన దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలో, తలమీద వేడినీళ్లు పోసుకుంటే వచ్చే ఫిట్స్ ఉన్నాయి. వారికీ ఎక్కువగా స్కానింగులో ఏమీ కనపడదు. నార్మల్ అంటే జబ్బు లేదని కాదు, నటన అని అంతకన్నా కాదు. మందులు ఆపకూడదు.

మరికొన్ని కారణాలు మెదడు ఫోటోలో కాక రక్తపు సీసాలో ఉంటాయి. బి.పి. కోసం వాడే నీరుపోయే మాత్రల వల్ల కొందరు వృద్ధులకు సోడియం బాగా పడిపోయి ఫిట్స్ వస్తాయి. షుగరు మాత్ర వేసుకుని భోజనం మానేస్తే చక్కెర పడిపోయి రావచ్చు. కొన్ని నొప్పి మాత్రలు, రోజూ తాగేవారు హఠాత్తుగా మద్యం ఆపడం కూడా కారణాలే. గుండె లయ తప్పి స్పృహ కోల్పోవడం కూడా ఫిట్ లాగే కనపడుతుంది. అందుకే ఎమ్.ఆర్.ఐ. కంటే ముందు చక్కెర, సోడియం, ఇ.సి.జి. చూస్తారు. ఇక మనవల సంగతి. ఆరు నెలల నుండి అయిదేళ్ల లోపు పిల్లలకు జ్వరంతో పాటు ఒక్కసారి, కొద్ది నిమిషాలు, ఒళ్లంతా అదిరే ఫిట్ వచ్చి, తర్వాత పిల్లవాడు మామూలుగా ఉంటే మెదడు స్కానింగు అవసరం ఉండదు. డాక్టరుకు చూపించి, ఆయన వద్దంటే పట్టుబట్టి చేయించవద్దు.

రిపోర్టు చదివి బెంగపడేవారూ ఉన్నారు. ‘ఏజ్ రిలేటెడ్ యాట్రొఫీ’ అంటే వయసుకు తగ్గట్టు మెదడు కొంచెం కుంచించుకుపోయిందని. ‘స్మాల్ వెసల్ ఇస్కీమిక్ ఛేంజెస్’ అంటే సన్నని రక్తనాళాల వల్ల వచ్చిన తెల్లచుక్కలు. అరవై దాటినవారిలో చాలామందికి ఇవి ఉంటాయి. జుట్టు నెరవడం వంటివే. బి.పి., షుగరు అదుపులో పెట్టుకోమనే అవి చెబుతున్నాయి. రాత్రిళ్లు నిద్ర మానుకోవలసిన పని లేదు.

పరీక్షకు వెళ్లే ముందు

ఆ అయస్కాంతం పగలూ రాత్రీ పనిచేస్తూనే ఉంటుంది. స్కానింగు జరగనప్పుడు కూడా ఆగదు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో రోగి వెంట వచ్చిన 32 ఏళ్ల బంధువు ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లగా, యంత్రం సిలిండరుతో సహా అతణ్ణి లాక్కున్నది. ప్రాణం పోయింది. అందుచేత రోగే కాదు, తోడు వచ్చినవారు కూడా జాగ్రత్తపడాలి.

పేస్‌మేకరు, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, చెవిలో అమర్చిన యంత్రం – ఇవి ఉంటే ముందే చెప్పి కార్డు చూపించాలి. 2011 ప్రాంతం నుండి ఎమ్.ఆర్.ఐ.కి తట్టుకునే పేస్‌మేకర్లు వాడుకలోకి వచ్చాయి. మీది ఏ రకమో కార్డు మీద ఉంటుంది. గుండె స్టెంటు, మోకాలి కీలు చాలావరకు ఇబ్బంది పెట్టవు, అయినా చెప్పాలి. మీలో వర్క్‌షాపులో వెల్డింగు, గ్రైండింగు పని చేసినవారు ఉండవచ్చు. ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడివుంటే అది తప్పక చెప్పండి. కట్టుడు పళ్లు, వినికిడి మిషను, గడియారం, తాళాలు, సెల్‌ఫోను, ఏ.టి.ఎం. కార్డు, తాయెత్తు, జడపిన్నులు, మంగళసూత్రానికి పెట్టుకున్న పిన్నీసులు – అన్నీ బయట పెట్టాలి. కాంట్రాస్టు ఇంజక్షను ప్రతివారికీ అక్కరలేదు. ఇవ్వవలసి వస్తే కిడ్నీ జబ్బు ఉన్నవారు క్రియాటినిన్ రిపోర్టు చూపించాలి. ఫిట్స్ మందు ఆ రోజు కూడా మానకూడదు. అరగంట, ముప్పావుగంట కదలకుండా పడుకోవాలి. ఇరుకంటే భయమున్నవారు ముందే చెబితే తగిన సాయం చేస్తారు.

ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు, ఇనుప ముక్కలు పెట్టవద్దు. నోట్లో చెంచా, వేలు, నీళ్లు వద్దు. ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించవద్దు. పక్కకు ఒత్తిగిల్లబెట్టి, తలకింద మెత్తటి గుడ్డ పెట్టి, బిగుతు గుండీలు వదులు చేసి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోయినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోను చేయండి. ముందుగా రాసిచ్చిన ముక్కు స్ప్రే ఉంటే చెప్పిన ప్రకారం వాడండి.

దాచవద్దు

చివరిగా ఒక్క మాట. ఒక పెన్షనరుగారి అమ్మాయికి 12వ ఏట ఫిట్స్ మొదలయ్యాయి. పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో ఊళ్లో ఎవరికీ తెలియకుండా, ప్రతిసారీ కొత్త ఊరిలో కొత్త డాక్టరుకు చూపించారు. ఫిల్ములు ఇంట్లో ఉంటే ఎవరైనా చూస్తారని పారేశారు. మామూలు స్కానింగులు మూడు చేయించారు, మూడూ నార్మల్. అమ్మాయి చదువు ఇంటర్మీడియెట్‌తో ఆగింది. 26వ ఏట స్నేహితుడి బలవంతం మీద తీసుకువస్తే, నేను చెప్పిన పద్ధతిలో తీసిన ఎమ్.ఆర్.ఐ.లో కుడి హిపోకాంపస్ ఎండిపోయి స్పష్టంగా కనిపించింది. శస్త్రచికిత్స జరిగింది. ఇప్పుడు ఫిట్స్ లేవు. మందు కొద్ది మోతాదులో ఇంకా వాడుతున్నది, ఒక ప్రైవేటు కార్యాలయంలో ఉద్యోగం చేసుకుంటున్నది. ‘మొదటే తెస్తే?’ అని ఆ తండ్రి నన్నడిగారు. జవాబు ఆయనకు తెలుసు గనుక నేనేమీ చెప్పలేదు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకులుగా చెప్పిన వాటిలో ఒకప్పుడు మూర్ఛ కూడా ఉండేది. ఆ మాటను 1999లో పార్లమెంటు తొలగించింది. చట్టం మారి పాతికేళ్లు దాటింది. మన ఇళ్లలో మాత్రం ఆ మాట ఇంకా చెరిగిపోలేదు. సంబంధం చూసేటప్పుడు ‘వాళ్లింట్లో ఫిట్స్ ఉన్నాయట’ అని గుసగుసలాడేది మనమే. పెద్దవాళ్లం, నలుగురు మన మాట వింటారు. కాబట్టి మార్పు కూడా మన నుండే మొదలుకావాలి. మీ బంధువర్గంలో, మీ వీధిలో ఇలా దాచుకున్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. వారి దగ్గరకు వెళ్లి, ‘న్యూరాలజిస్టుకు చూపించారా? ఎమ్.ఆర్.ఐ. ఏ పద్ధతిలో తీశారు?’ అని మెల్లగా అడగండి. అవసరమైతే తోడు వెళ్లండి. మనకు కావలసినంత తీరిక ఉన్నది గదా!

 ప్రశ్నలుంటే భోజనాల వేళ నా బల్ల దగ్గరకు రండి. సెలవు.